ఎండబెట్టిన పియానో

శామీర్‌పేట చెరువు కట్ట కింద పుట్టి పెరిగిన మైసమ్మకు ఏ రోగానికైనా ఒకటే మందు తెలుసు, ఎండ. చేప మురగకూడదంటే ఎండ. వల కుళ్ళకూడదంటే ఎండ. పురుగు పట్టిన పప్పుకు ఎండ, పిల్లలు తడిపిన బొంతకు ఎండ, ఆఖరికి బాలింత నడుముకూ ఎండే. వాళ్ళ బెస్తవాడలో ఏ ఇంటి కప్పు మీద చూసినా చాప పరిచి ఏదో ఒకటి ఆరబోసి ఉండేది. మైసమ్మ చేతి ఎండు చేపలంటే మేడ్చల్ సంత దాకా పేరు. ఎప్పుడు తిరగెయ్యాలో, ఎప్పుడు నీడకు లాగాలో ఆమెకు వాసన చూస్తేనే తెలిసిపోయేది. అలాంటి మనిషి ఒక వస్తువును ఎండలో పెట్టి పాడుచేసిందంటే ఎవరు నమ్ముతారు? మొదట ఆమే నమ్మలేదు.

చెరువులో నీళ్ళు అడుగంటి, మొగుడు గండయ్య వలలో చేపలకన్నా నాచు ఎక్కువ పడుతున్న రోజుల్లో, తొంభై ఆరు ప్రాంతంలో, ఆమె తూంకుంట దగ్గర ఒక ఇంట్లో పనికి కుదిరింది. కాలనీ అని పేరే గానీ అప్పటికి అక్కడ ఉన్నవి ఐదారు ఇళ్ళు. మిగతాదంతా సర్వే రాళ్ళు, తుమ్మ చెట్లు. ఆ ఇల్లు మాధవీలత అనే రిటైరైన టీచరుది. ఊళ్ళో అందరికీ టీచరమ్మే. సికింద్రాబాద్ కాన్వెంటులో ఏళ్ళ తరబడి పిల్లలకు పియానో నేర్పిన మనిషి. భర్త పోయాడు, పిల్లల్లేరు. కళ్ళలో నీటికాసులు వచ్చి చూపు కూడా మెల్లమెల్లగా పోతూ ఉంది. ముందు గదిలో సగం స్థలం ఆక్రమించుకుని నల్లటి పియానో, దాని పక్కన ఒక రికార్డు ప్లేయరు, ఒక అరలో ఇరవై దాకా పెద్ద పెద్ద రికార్డులు. ఆవిడ ఆస్తి అదే.

ఆ రికార్డులకూ ఒక కథ ఉంది. టీచరమ్మ భర్త రష్యావాళ్ళ సాయంతో పెట్టిన మందుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. శిక్షణ కోసం ఆయన్ను మాస్కో పంపారు. వెంట వెళ్ళినవాళ్ళంతా కెమెరాలు, ఉన్ని కోట్లు మోసుకొస్తే ఈయన పెట్టె నిండా రికార్డులు తెచ్చాడట. ఒకే ఒక్క పియానో విద్వాంసుడు వాయించినవి. రష్యాలోనే అంతటివాడు లేడని పేరున్నవాడు. వాయించింది కూడా పాతకాలపు సంగీతం కాదు, మొన్నమొన్న అక్కడివాళ్ళే రాసింది. ఆ పెద్దాయన కచేరీ ఒకసారి కళ్ళారా చూశానని ఇంజనీరుగారు చచ్చేదాకా చెప్పుకున్నాడు.

ఆ సంగీతం మొదటిసారి విన్న రోజు మైసమ్మ చీపురు పారేసి వంటింట్లోకి పరిగెత్తింది, గిన్నెల స్టాండు మీద పిల్లి పడిందేమోనని. టీచరమ్మ పగలబడి నవ్వింది.

"ఇది యుద్ధం రోజుల్లో రాసింది మైసమ్మా. ఊళ్ళ మీద బాంబులు పడుతుంటే రాశారు."

"గందుకే గిట్ల కొట్టుకుంటున్నరా?" అంది మైసమ్మ.

కానీ ఆ కొట్లాట నడుమ ఒక నెమ్మది భాగం ఉంది. ఒక్కొక్క స్వరం మోగి, చాలాసేపు గాలిలో నిలబడి, తర్వాతిది వచ్చేదాకా ఓపిగ్గా ఎదురుచూసేది. అది వచ్చినప్పుడు మైసమ్మ చేతిలో తడిగుడ్డ దానంతట అదే నెమ్మదించేది. తెల్లారకముందు చెరువు మీద నాయిన తెప్ప పోతుంటే వినిపించే చప్పుడు గుర్తొచ్చేది ఆమెకు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెబితే గండయ్య ఏడాదంతా ఎగతాళి చేసేవాడు.

చూపు పూర్తిగా పోయాక రికార్డు పెట్టే పని కూడా మైసమ్మకే వచ్చింది. టీచరమ్మ దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పింది. రికార్డును అంచులు పట్టుకుని తియ్యాలి. ముఖం మీద వేలు పడకూడదు. "నేను కూడా ఏ రోజూ ముట్టుకోలేదు, ఆయన్నీ ముట్టుకోనివ్వలేదు" అని చెప్పింది. ముల్లును పసిపిల్లను పడుకోబెట్టినట్టు దించాలి. చదువు రాని మైసమ్మ అట్టల మీది బొమ్మలు చూసి పేర్లు పెట్టుకుంది. ఎర్ర అట్టది, మంచు చెట్లది, బట్టతల ఆయనది. "మైసమ్మా, మంచు చెట్లు పెట్టు" అనేది టీచరమ్మ, రష్యా పేర్లన్నీ పక్కన పెట్టేసి.

పాలు విరిగాయా, బియ్యంలో పురుగుందా, చీర మీద మరక పోయిందా, ప్రతిదీ మైసమ్మను అడగడమే. ఆమె చెప్పిందే మాట. "నా కళ్ళు నువ్వే" అని వచ్చినవాళ్ళందరి ముందూ అనేది. ఆ మాట విన్నప్పుడల్లా మైసమ్మకు ఒళ్ళు ఒక చుట్టు లావెక్కేది. ఆదివారాల్లో యాప్రాల్ నుంచి ఇద్దరు ఆడపిల్లలు పియానో నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళు. వాళ్ళలో నయన అనే పిల్ల అంటే టీచరమ్మకు ప్రాణం. ఆ పిల్ల వేళ్ళల్లో ఏదో ఉందని, పదేళ్ళు కష్టపడితే ఎక్కడికో పోతుందని అంటుండేది. లోపలి గదిలో ఉన్నా చెవి ఇటే పడేసి, పిల్ల ఒక్క మెట్టు తప్పు నొక్కితే చాలు, లోపలి నుంచే అరిచేది. కళ్ళు పోయిన బాధ ఆ చెవులతో తీర్చుకుంటోందని మైసమ్మకు తెలుసు.

రెండువేల ఒకటిలో వానలు బాగా పడ్డాయి. పెత్రమాస ముందు ఇల్లంతా కడిగి, దులిపి, ఉన్న సామానంతా ఎండకు వేయడం మన దగ్గర ఆనవాయితీ. ఆ అమావాస్య నుంచే బతుకమ్మ కదా. మైసమ్మ పరుపులు వేసింది, పప్పులు పోసింది, చివరికి అర దగ్గరికి వచ్చి ఒక అట్టలోంచి రికార్డు లాగి చూసింది. దాని మీద తెల్లటి బూజు. ఇంకొకటి తీసింది. దాని మీదా అంతే. టీచరమ్మ భోజనం చేసి పడుకుని ఉంది. లేపి చెబితే బాధపడుతుంది, లేచేసరికి బాగుచేసి పెడితే మురిసిపోతుంది. అంతే, ఇంకేం ఆలోచించలేదు. అన్నీ మోసుకెళ్ళి పల్చని కుంకుడు రసంతో కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి, డాబా మీద చాప పరిచి వరసగా పేర్చింది. ముఖం మీద వేలు పడకుండా, అంచులు పట్టుకునే పేర్చింది. అంత జాగ్రత్త!

భాద్రపదం ఎండ ఎలాంటిదో కట్ట మీద చేపలు ఎండబెట్టినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఒకవైపు ఆరి ఉంటుంది, రెండోవైపు తిప్పుదామని కాసేపటికి డాబా ఎక్కింది. నల్లటి రికార్డులన్నీ నూనెలో వేసిన అప్పడాల్లా అంచులు లేచి ఉన్నాయి. మైసమ్మ చాప మీదే కూలబడి, ఒకటి తీసి రెండు చేతులతో వంచి చూసింది. అది మెత్తగా వంగింది. ఇంకో పక్కకు వంగింది. ఏడుపు వచ్చింది గానీ కింద టీచరమ్మ లేచిన అలికిడి వినిపించి నోట్లో కొంగు కుక్కుకుంది.

అప్పుడే చెప్పేసి ఉంటే ఏమయ్యేది? టీచరమ్మ తిట్టేది. రెండు రోజులు మాట్లాడకపోయేది. అంతకుమించి ఏమీ కాకపోయేదని ఇవాళ మనం తాపీగా అనుకోవచ్చు. కానీ అంతకుముందు అల్వాల్‌లో ఒక ఇంట్లో మిక్సీ జారు పగిలిందని ఆమెను పనిలోంచి తీసేసి, గడప దిగనిచ్చి తలుపు వేసేశారు. పైగా ఇది జారు కాదు, పోయిన ఇంజనీరుగారి జ్ఞాపకం. మైసమ్మ రికార్డులను అట్టల్లో దూర్చి, రెండు చెక్కల మధ్య పేర్చి, వాటి మీద బియ్యం బస్తా ఎత్తింది. సాయంత్రం టీచరమ్మ పాట పెట్టమంటే వెళ్ళి మెయిన్ స్విచ్ ఆపి వచ్చి "కరెంటు పోయిందమ్మా" అంది. ఆ కాలంలో కరెంటు పోవడం వింతేమీ కాదు. టీచరమ్మ విసనకర్ర అందుకుంది. చెమటలు కక్కుతూ విసురుకుంటున్న ఆ మనిషిని చూస్తూ మైసమ్మ గుమ్మంలో నిలబడిపోయింది.

బతుకమ్మకు సెలవిచ్చి చీర కూడా పెట్టింది టీచరమ్మ. ఆ చీర కట్టుకుని ఆడుతుంటే అడుగులు తప్పాయని వాడలో అందరూ నవ్వారు. పండగ దాటి వచ్చి చూస్తే బస్తా బరువుకు రికార్డులు కొంత చదునయ్యాయి. పూర్తిగా కాలేదు. ముల్లు పెడితే జారిపోకుండా నడుస్తోంది, కానీ చెరువులో తెప్ప ఎక్కినట్టు పైకీ కిందికీ ఊగుతోంది.

"మంచు చెట్లు పెట్టు" అంది టీచరమ్మ, రోజుల తరబడి ఆకలితో ఉన్నట్టు.

పెట్టింది. కొట్లాట భాగంలో పెద్దగా తెలియలేదు. నెమ్మది భాగం వచ్చేసరికి మోగి నిలబడాల్సిన ప్రతి స్వరమూ వణికింది. పైకి పోయి, కిందికి జారి, ఏడ్చే గొంతులా సాగింది. మైసమ్మకే తెలిసిపోయింది. టీచరమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"ఆపు. రికార్డు వంగిందేమో చూడు మైసమ్మా."

మైసమ్మ చూసింది. తిరుగుతున్న రికార్డు అంచు లేచి పడుతూ ఉంది.

"లేదమ్మా. సక్కగనే ఉన్నది."

"బాగా చూడు."

"చూసిననమ్మా. మంచిగనే ఉన్నది."

అబద్ధం చెప్పడానికి అంత కష్టం అక్కర్లేదని, కళ్ళు లేనివాళ్ళకు చెప్పడం మరీ తేలికని ఆమెకు ఆ రోజే తెలిసింది. తెలిసినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

తప్పు ప్లేయరుదేమో అంది టీచరమ్మ. గండయ్య దాన్ని సికింద్రాబాద్ తీసుకెళ్ళి బెల్టు మార్పించి తెచ్చాడు. మెకానిక్ బ్రహ్మాండంగా ఉందన్నాడు. తెచ్చాక కూడా స్వరాలు వణికాయి. అప్పుడు టీచరమ్మ వెళ్ళి పియానో ముందు కూర్చుంది. ఏటా వచ్చి దాన్ని శ్రుతి చేసే ముసలాయన ఆ ముందటేడే పోయాడు. వానల చెమ్మకు తీగల శ్రుతి దిగి ఉంది. మెట్లు ఒక్కొక్కటే నొక్కుకుంటూ వింది. రికార్డులు బాగున్నాయి. ప్లేయరు బాగుంది. అయినా రికార్డు తేడాగా వినిపిస్తోంది, పియానో తేడాగా వినిపిస్తోంది. ఇక మిగిలింది ఏమిటి? రెండు చెవుల మీదా చేతులు పెట్టుకుంది.

"కళ్ళ తర్వాత ఇవి కూడా" అంది మెల్లగా.

పక్క గదిలో దుప్పటి మడతపెడుతున్న మైసమ్మ ఆ మాట వింది. నోరు తెరిచింది. ఇప్పుడు చెబితే రికార్డులు వంచినందుకే కాదు, అబద్ధం ఆడినందుకు కూడా తిట్లు పడతాయి. రేపు చెబుదామనుకుంది. రేపటికి ఆ అబద్ధం ఇంకో రోజు పాతబడింది. చేప అయితే ఈపాటికి ఊరంతా వాసన వచ్చేది, అబద్ధానికి వాసన లేకపోవడమే ఆమె ఖర్మ.

ఆ తర్వాత నయన వాయిస్తుంటే టీచరమ్మ మధ్యలో ఆపడం మానేసింది. తప్పనిపించినా, తప్పు పిల్లదో తన చెవిదో తెలియక నోరు మూసుకునేది. చివరికి ఒక ఆదివారం ఇద్దరు పిల్లల్నీ దగ్గరికి పిలిచి, చెవి సరిగా లేని టీచరు దగ్గర నేర్చుకోకూడదమ్మా, ఇంకొకరిని చూసుకోండి అని పంపేసింది. నయన గేటు దాకా వెళ్ళి వెనక్కి పరిగెత్తుకొచ్చి ఆవిడను పట్టుకుని ఏడ్చింది. తర్వాత కొన్నాళ్ళకు వాళ్ళ నాన్నకు బదిలీ అయి ఎటో వెళ్ళిపోయారు. ఇంకో చోట చేరిందో లేదో తెలియదు. ఆ ఇంట్లో పాటలు ఆగిపోయాయి. టీచరమ్మ పగలు కూడా పడుకునే ఉండేది. మైసమ్మ రెండింతలు పని చేసింది. అడగకుండా కాళ్ళు పిసికింది, తలకు నూనె రాసింది, జీతం పెంచుతానంటే వద్దంది. "ఎంత మంచిదానివే" అనేది టీచరమ్మ. ఆ మాట చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలేది.

అలా ఒక పెత్రమాస వెళ్ళి ఇంకొకటి దగ్గర పడింది. యాప్రాల్‌లో సంగీతం బడి నడిపే ప్రతాప్ టీచరమ్మ పాత శిష్యుడు. పియానోను, రికార్డులను అతనికి ఇచ్చేస్తానని టీచరమ్మ కబురు చేసింది. "విననివాళ్ళ ఇంట్లో అవెందుకు" అంది. ఆదివారం బండి వస్తుందనగా మైసమ్మ ఇంటికి పోయి గండయ్యకు మొదటిసారి సంగతంతా చెప్పింది.

గండయ్య తాపీగా బీడీ ఆర్పి, "గింతేనా? గీ ఎండలకు బండిల పెట్టి యాప్రాల్ దాక కొంటవోతే వంగయా మరి? తొవ్వల వంగినయనుకుంటరు. నీ మీదికి రాదు. జల్దీ ఎక్కియ్యి, పీడవోతది" అన్నాడు.

నిజమే, రాదు. అంత చక్కటి దారి దొరికినందుకు మైసమ్మకు ఊపిరి తేలిక కావాలి. కాలేదు. రికార్డుల సంగతి అలా ముగుస్తుంది, మరి చెవుల సంగతి? ఆవిడ చచ్చేదాకా తన చెవులు పాడైపోయాయనే అనుకుంటుంది కదా.

ఆదివారం ప్రతాప్ డీసీఎం బండితో, తాళ్ళతో, నలుగురు కూలీలతో వచ్చాడు. టీచరమ్మ మంచి చీర కట్టుకుని పియానో పక్కన కూర్చుంది, పెళ్ళికూతుర్ని పంపే ఇంట్లోలా. కూలీలు పియానోకు తాడు చుడుతున్నారు.

"ప్రతాప్, రికార్డులు జాగ్రత్త. ఒక్క గీత కూడా లేదు. నాకు చూపు లేకపోయినా మైసమ్మ కంటికి రెప్పలా కాపాడింది" అంది టీచరమ్మ.

అరలోంచి రికార్డులు దించుతున్న మైసమ్మ అక్కడే ఆగిపోయింది. ఇక ఆపుకోవడం ఆమె వల్ల కాలేదు.

"అమ్మా, మీ చెవులు మంచిగున్నయ్" అంది. "రికార్డులే వంగినయ్. నేనే ఎండల వెట్టిన."

కూలీల చేతులు ఆగాయి. టీచరమ్మ ముఖం ఆ గొంతు వచ్చిన వైపు తిరిగింది.

"ఎప్పుడు?"

"పోయిన పెత్రమాసకు. బూజు వట్టిందని కడిగి ఎండకేసిన. మీరు మురుస్తరనుకున్న."

"ఒకటి ఇటివ్వు."

మైసమ్మ మంచు చెట్ల అట్టలోంచి తీసి ఇచ్చింది, అలవాటు కొద్దీ అంచులు పట్టుకునే. టీచరమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. ఏ రోజూ ముట్టుకోని దాని ముఖం మీద అరచెయ్యి మొత్తం ఆనించి చుట్టూ తిప్పింది. చెయ్యి లేచింది, దిగింది, మళ్ళీ లేచింది.

"నేను అడిగాను. వంగిందేమో చూడమని అడిగాను."

"అడిగిండ్రు."

"నువ్వేమన్నావు?"

మైసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చెప్పు. ఏమన్నావు?"

"సక్కగనే ఉన్నదన్న."

ప్రతాప్‌కు సర్దిచెప్పాలనిపించి, "పోనివ్వండి మేడమ్, ఇవన్నీ ఇప్పుడు సీడీల్లో దొరుకుతున్నాయి, నేను తెచ్చిస్తాను" అన్నాడు.

"రికార్డులు దొరుకుతాయి ప్రతాప్. నయన దొరుకుతుందా?" అంది టీచరమ్మ.

ఆవిడ లేచి, తాళ్ళు తప్పించుకుని పియానో మూత ఎత్తి ఒక మెట్టు నొక్కింది. తల వంచి అది ఆరిపోయేదాకా వింది. ఇంకోటి నొక్కింది. ఆవిడ కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"ఇది దిగిపోయింది. ఇదీ దిగిపోయింది. నాకు వినిపిస్తూనే ఉంది, ఇన్నాళ్ళూ సరిగానే వినిపిస్తూ ఉంది" అంది. తర్వాత ప్రతాప్ వైపు తిరిగి, బండి వెనక్కి పంపెయ్యమని, శ్రుతి చేసే మనిషి ఎవరైనా ఉంటే పంపమని చెప్పింది.

బండి ఖాళీగా వెళ్ళిపోయింది. మైసమ్మ ముందు గది ఊడ్చింది, వంటిల్లు కడిగింది, ఇక చెయ్యడానికి ఏమీ మిగలనప్పుడు గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది.

"రేపు రావాల్నా అమ్మా?"

"రా" అంది టీచరమ్మ.

ఇంటికి చేరగానే గండయ్య ఎదురొచ్చాడు. "పనిల నుంచి తీసేసిందా?" అని అడిగాడు. లేదని చెప్పింది. "మరెందుకే గట్ల ఏడుస్తున్నవ్?" అంటే చెప్పలేకపోయింది. తిట్టి ఉంటే, కొట్టి ఉంటే, గడప దిగనిచ్చి తలుపు వేసి ఉంటే చెప్పగలిగేది.

మర్నాడు ఎప్పటిలాగే సెవెన్ సీటర్ ఆటో ఎక్కి వెళ్ళింది. పొయ్యి వెలిగించి చాయ పెట్టింది. టీచరమ్మకు వేడి ఎక్కువైతే నాలుక కాలుతుంది. అందుకే గిన్నెలోంచి గ్లాసులోకి, గ్లాసులోంచి గిన్నెలోకి పోసి చల్లార్చి తెచ్చి, ఆరేడేళ్ళుగా ఇస్తున్నట్టే చేతికి ఇచ్చింది.

"సల్లగైందమ్మా, తాగుండ్రి."

టీచరమ్మ గ్లాసు అందుకుంది. పెదవుల దాకా తీసుకెళ్ళి ఆగింది. గ్లాసు కిందికి దించి, వేలు ముంచి చూసుకుని, అప్పుడు తాగింది.